మూడు నిలువు గీతలు

దరఖాస్తు ఫారంలో పదకొండో గడి దగ్గర నా కలం ఆగిపోయింది. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఎస్.ఎస్.ఎల్.సి. మార్కులు, అన్నీ నింపాను. ఆ గడిలో ఇంటర్మీడియట్‌కు ఏ గ్రూపు కావాలో రాయాలి. రోమను అంకెలు కాబట్టి నిలువు గీతలు గీస్తే చాలు. ఒక గీత గీస్తే లెక్కలు. రెండు గీస్తే జీవశాస్త్రం, డాక్టరు చదువుకు అదే దారి. మూడు గీస్తే చరిత్ర, తర్కం, తెలుగు. గీత గీయడం ఎంతసేపు పని? పొద్దున కూర్చున్నదాన్ని, అమ్మ అన్నానికి పిలిచేదాకా ఆ గడి ఖాళీగానే ఉంది.

మాది ఎర్రగుంట్లకు మూడు మైళ్ళ దూరంలో ఊరు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కతెనే. నాయన బళ్ళో థర్డ్ ఫారం దాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆ పరీక్ష రెండుసార్లు తప్పి సేద్యంలోకి వచ్చినవాడు. దరఖాస్తు ఫారాలు తెచ్చింది మా మామ, అమ్మకు తమ్ముడు. రాజధాని కర్నూలుకు వచ్చాక అక్కడ ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఆఫీసు గుడారంలో ఉందనీ, గాలి లేస్తే ఫైళ్ళ మీద తామే పడుకుంటామనీ చెప్పి నవ్వించేవాడు. ఆయన రెండు కాలేజీల ఫారాలు తెచ్చాడు. ఒకటి కడపది, ఇంకొకటి కర్నూలుది.

“కడప దగ్గర గదప్పా,” అన్నాడు నాయన.

“దగ్గరే బావా. ఆడ పాప యాడుంటాది? కర్నూలయితే మా ఇంట్లో ఉంటాది. రెండూ ఆ పాత యూనివర్సిటీ కిందియే. పేపర్లు మద్రాసులో దిద్దుతారు. తిరపతిలో ఏదో కొత్తది పెడతారంటాండారు. అది వచ్చేలోగా పాతదాంట్లో చేరిపోవల్ల. దానికి ఉండే మర్యాద వేరు.”

“మర్యాద సంగతి నాకు తెల్దు. డాక్టరయితే చాలు.”

మామ పోతూ పోతూ గడప దగ్గర నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నాకొక్కదానికే వినబడేలా, “రెండో గ్రూపు. మరువగాకు,” అన్నాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఆ సందు కూడా లేదు.

డాక్టరు అనే మాట మా ఇంట్లోకి వచ్చి అప్పటికి మూడేళ్ళు. మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలై ఒకటిన్నర దినమైనా బిడ్డ రాలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. జమ్మలమడుగు ఆసుపత్రికని బండి కట్టారు. బండిలో అక్క పక్కన నన్ను కూర్చోబెట్టారు, అప్పుడు నాకు పదమూడేళ్ళు. పెన్నేటి ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. మిట్టమధ్యాహ్నం. అక్కా, కడుపులో బిడ్డా అక్కడే పోయారు. తిరిగి వచ్చిన రోజు నాయన నన్ను పిలిచి, “నువ్వు డాక్టరు గావల్లమ్మా. మనూళ్ళో ఒక ఆడడాక్టరు ఉండల్ల,” అన్నాడు. ఆ రోజు ఎవరు ఏమడిగినా నేను తల ఊపుతూ ఉన్నాను. దానికీ ఊపాను.

ఆ ఊపిన తలకు మూడేళ్ళుగా భయపడుతూ వచ్చాను. బళ్ళో కప్పను కోసి చూపించిన రోజు నేను బయటికి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాను. అది కప్పను చూసిన భయం కాదని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నేను ఎవరికీ ఏదీ చెప్పేదాన్ని కాదు. పాత నోటుబుక్కుల వెనక మిగిలిన కాగితాలు కుట్టుకుని వాటిలో రాసుకునేదాన్ని. బడి బీరువాలో ఉన్న పుస్తకాలు అన్నీ, అర్థమైనవీ కానివీ, చదివాను. ఒకసారి మా అయ్యవారు పిల్లలందరినీ గండికోటకు తీసుకుపోయారు. అక్కడ అంత పెద్ద ధాన్యపు కొట్టు కట్టినవాళ్ళు ఏం తిన్నారు, వాళ్ళ ఆడవాళ్ళు నీళ్ళకు ఎటు దిగిపోయేవాళ్ళు అని అడగాలని నాకు నాలుక చివరిదాకా వచ్చింది. చివరికి ఇంకో పిల్ల చేత అడిగించాను. “అవన్నీ కాలేజీలో చరిత్ర తీసుకుంటే చెప్తారు,” అన్నారాయన. ఆ జవాబు నాతోనే ఉండిపోయింది.

అన్నం తిని వచ్చి, చేతికి అంటిన మజ్జిగ వాసనతోనే, మూడు గీతలు గీశాను. మూడోది కొంచెం వంకరపోయింది.

నాయన పొలం నుంచి వచ్చి ఫారం చేతిలోకి తీసుకున్నాడు.

“ఈ మూడు గీతలేంది?”

“గ్రూపు నాయనా.”

“అంటే మూడోదా?”

తల ఊపాను. ఆయన కాసేపు లెక్క వేసుకున్నాడు. ముఖం మెల్లగా విప్పారింది.

“ఫస్టు, సెకండు అయినాక థర్డు. మా ఫారాల మాదిరే గదా! కిందియి రెండూ దాటించి ఒకేసారి థర్డులో ఏస్తారా నిన్ను? నీ మార్కులకు ఎయ్యక ఏంజేస్తారులే. ఏమే, ఇట్ల రా! నేను తప్పిన థర్డులోనే నీ బిడ్డ మొదులుపెడతాండాది!”

అమ్మ వంటింట్లోంచి వచ్చి చేతులు తుడుచుకుంటూ నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

గ్రూపులు బడి ఫారాల లాంటివి కావు, మెట్లు కావు, మూడూ పక్కపక్కన ఉండే గదుల్లాంటివి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి లేదు అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అమ్మ ముఖం చూశాను. చెప్పలేదు. ఫారం మరుసటి రోజు ఎర్రగుంట్లలో పోస్టు చేశారు. నా పుస్తకంలో ఆ రోజు, ‘నేను అబద్ధమాడలేదు’ అని రాసుకున్నాను. రాసి చూసుకుంటే అదే పెద్ద అబద్ధంగా కనబడింది. కొట్టేశాను.

తరవాతి ఐదు వారాలు నేను సరిగా నిద్రపోలేదు. నాయన ఊరంతా చెప్పాడు. రచ్చబండ మీద చెప్పాడు, నాపరాళ్ళ గనిలో పనిచేసేవాళ్ళకు చెప్పాడు. మా పక్కింటి ఆమెకు నాలుగో నెల. బావి దగ్గర నన్ను చూసినప్పుడల్లా, “ఏమ్మే డాక్టరమ్మా, నా కాన్పు నాటికి చదువు అయిపోతాదా? నిన్ను నమ్ముకోనుండా, ఆలీసం చెయ్యగాకు,” అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేను కడవ నెత్తిన పెట్టుకుని వచ్చేసేదాన్ని. మామ కర్నూలు నుంచి ఏ రోజైనా వచ్చి ‘రెండోది రాసినావు గదా’ అంటాడేమోనని రైలు కూత వినబడితే వాకిట్లోకి వచ్చి దోవ వంక చూసేదాన్ని. మామ రాలేదు. కర్నూలు కాలేజీ నుంచి ఇంటర్వ్యూకు రమ్మని కార్డు వచ్చింది.

డోన్‌లో రైలు మారి, పొద్దున పదింటికి కర్నూల్లో దిగి, నేరుగా కాలేజీకే పోయాం. మామ ఆఫీసుకు పోయి ఉంటాడు, సాయంత్రం ఇంటికి పోదాం అన్నాడు నాయన. వరండాలో అందరూ మగపిల్లలే. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నాయన తెల్లటి తలగుడ్డ చుట్టుకుని, చేతిలో నా ఎస్.ఎస్.ఎల్.సి. మార్కుల పుస్తకం గుడ్డలో చుట్టి పట్టుకున్నాడు. తలుపు దగ్గర ముసలి సాయిబు, ఆ కాలేజీ జవాను, మమ్మల్ని చూసి నవ్వాడు.

“ఏమప్పా, పెండ్లిచూపులకు వచ్చినట్లుండారే. పాప ముఖమన్నా చూపీదు.”

“సిగ్గు సాయిబూ. లోపల మాట్లాడుతాదిలే,” అన్నాడు నాయన.

లోపల ప్రిన్సిపాలుగారు, పక్కన ఇద్దరు లెక్చరర్లు. ప్రిన్సిపాలుగారు నా పుస్తకం తిప్పి చూసి ఇంగ్లీషులో ఏదో అడిగారు. అర్థమైంది. ఎందుకు ఈ గ్రూపు కోరుకున్నావు అని. రైల్లో దానికి జవాబు నలభైసార్లు లోలోపల చెప్పుకున్నాను. ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. ఆయన తెలుగులోకి దిగి నాయన వైపు తిరిగారు.

“మీ అమ్మాయికి సైన్సులో మంచి మార్కులు ఉన్నాయండీ. రెండో గ్రూపు ఇప్పించకూడదూ? రేపు మెడిసిన్‌కు పోవచ్చు.”

నాయన నవ్వాడు. తెలియనివాడికి నచ్చజెప్పే నవ్వు.

“డాక్టరు చదువుకే గద సార్ వచ్చింది! దానికోసమే పాప మూడోది రాసినాది. మీరు రెండోదాంట్లోకి దించితే ఎట్ల?”

లెక్చరర్లలో ఒకాయన నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. ప్రిన్సిపాలుగారు నవ్వలేదు. ఫారం మీద ఆయన వేలు గీతల దగ్గర ఆగింది. నా వైపు చూశారు. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది.

“అమ్మాయీ, ఇది నేను చెప్పనా, నువ్వు చెప్తావా?”

చీర కుచ్చెళ్ళు రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన చెప్తే నాయన ఆ ముగ్గురి ముందు తెలియనివాడిగా మిగిలిపోతాడు. నేను చెప్తే మోసపోయినవాడిగా మిగులుతాడు. నోరు తెరిచేటప్పటికి నేను ఏం చెప్పబోతున్నానో నాకే తెలియదు.

“మూడోది డాక్టరు చదువు గాదు నాయనా.”

“ఏందమ్మా?”

“మూడోది పెద్దది గాదు. వేరేది. చరిత్ర చెప్తారు. రెండోది రాసింటే డాక్టరు. నాకు తెలిసే రాసినా.”

నాయన తలగుడ్డ సరిచేసుకున్నాడు. “తెలిసే రాసినావా?” అన్నాడు మెల్లగా. “డాక్టరు వద్దా నీకు?”

“వద్దు.”

“భయమా?”

“భయమే నాయనా. పెన్నేట్లో అక్క నా చెయ్యి పట్టుకున్నాది. విడిపించుకోవాలంటే వేళ్ళు ఒక్కొక్కటే తియ్యాల్సొచ్చింది. ఇంకొకరు అట్ల పట్టుకుంటే నాకు చేతగాదు.”

అంత పొడుగు మాట ఆయనతో నేను అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. నాయన నా వైపు చూడలేదు. ప్రిన్సిపాలుగారితో అన్నాడు.

“ఇది నాకు తెల్దు సార్. ఇప్పటిదాకా చెప్పలేదు.”

ప్రిన్సిపాలుగారు కలం మూత పెట్టారు. కావాలంటే ఇంటికి పోయి ఆలోచించుకుని రమ్మన్నారు, సోమవారం దాకా చోటు ఉంచుతానన్నారు. నాయన కదల్లేదు.

“ఆ మూడోదాంట్లో ఇంకా ఏం చెప్తారు సార్?”

“చరిత్ర, తెలుగు, తర్కం.”

“తర్కమంటే?”

“వాదన. ఎదుటివాడి మాటలో తప్పెక్కడుందో పట్టుకోవడం.”

“ఈ పాపకా?” అన్నాడు నాయన. “నీళ్ళు గావాల్నంటే గూడా సైగ చేస్తాది సార్ ఇది.”

కిటికీ వైపు తిరిగిన లెక్చరర్ ఈసారి గట్టిగానే నవ్వాడు. నాయన నవ్వలేదు. కలం అడిగి, ఫారం అడుగున తెలుగులో, ఒక్కొక్క అక్షరం నొక్కి నొక్కి సంతకం పెట్టాడు. సంతకం పూర్తయ్యేదాకా అందరూ కాచుకున్నారు.

బయట వరండాలో ఒకే మాట అన్నాడు. “ఊళ్ళో అందరికీ నాతో చెప్పించినావు గదమ్మే.” తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. ఆయన తిట్టలేదు. సాయంత్రం మామ ఇంట్లో సంగతి విని మామ ఎగిరిపడ్డాడు. “సోమవారం దాకా టయిముంది బావా, నేను పోయి మార్పిస్తా!” నాయన, “నేను సంతకం పెట్టినా, ఇంగ నువ్వు గమ్మునుండప్పా,” అన్నాడు. రైల్లో వచ్చేటప్పుడు ఆయన ఎదురు బల్ల మీద కూర్చున్నాడు, పక్కన కాదు. ఎర్రగుంట్ల వచ్చేదాకా ఆయన ముఖంలో కోపం ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఎండలో చాప వేసుకుని చెనిగకాయలు ఒలుస్తూ ఉంది. “ఏమాయ? చేర్చుకున్నారా డాక్టరు చదువులో?” అంది.

“దాన్నే అడుగు,” అన్నాడు నాయన, కాళ్ళు కడుక్కుంటూ. “ఇప్పుడు మాట్లాడుతాది.”

ఆయన పొలానికి పోయాడు. ఆ రోజు ఆయనకు పొలంలో పనేమీ లేదు.

ప్రిన్సిపాలుగారి గదిలో కంటే ఆ చాప ముందు నిలబడడానికి నాకు ఎక్కువ భయం వేసింది. ఆ బండిలో అమ్మ లేదు. బండి కట్టేటప్పటికి ఆమె స్పృహ తప్పి పడిపోతే ఇంట్లోనే వదిలేసి పోయాం. మూడేళ్ళుగా ఆ మధ్యాహ్నం గురించి ఆమె నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలోనని నేను ఆమె పక్కన ఒంటరిగా కూర్చునేదాన్నే కాదు. ఇప్పుడు చాప మీద కూర్చుని, చెనిగకాయలు చేతిలోకి తీసుకుని, మూడు గీతల సంగతి, చరిత్ర సంగతి, ఎందుకు డాక్టరు కాలేనో, అంతా చెప్పాను. అమ్మ ఒలవడం ఆపలేదు. నేను ఆగాక అడిగింది.

“నీ చెయ్యి పట్టుకున్నాదా?”

“ఊఁ.”

“ఏమన్నా అడిగిందా?”

“నీళ్ళడిగింది. నాయన ఇసుకలో చెలమ తవ్వి చెంబుతో తెచ్చినాడు.”

అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. “తాగిందా?”

“రెండు గుక్కలు తాగిందమ్మా. నేనే తాపినా.”