మిరియాలే అని చెప్పాను

ఎనిమిదేళ్లుగా ఒక మాత్ర నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగింది నేను కాదు, నా కొడుకు.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఫోన్‌లో చెబుతుంటే అదే రాసుకుంటోంది. చదివే మీరెవరో తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో.

మా ఆయన పోయాక ఇక్కడ అమెరికాలో కొడుకు దగ్గరే ఉన్నాను. వాడు ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గా చేసి, ఒక ప్రైవేటు కంపెనీలో చేరాడు. మిలిటరీలోని కుర్ర పైలట్లకు యుద్ధం నేర్పడానికి ఆ కంపెనీ వాళ్లు శత్రువుల్లా ఎదురు విమానాలు నడుపుతారు. నిజం తూటాలుండవు. "ఈ రోజు మూడుసార్లు చచ్చానమ్మా" అని నవ్వుతూ వచ్చి అన్నం పెట్టమనేవాడు. వాడికది వేళాకోళం. నాకు ముద్ద దిగేది కాదు.

ఒక రోజు వాడికి జలుబు. వెళ్లొద్దన్నాను. "నేను వెళ్లకపోతే వాళ్లకి ఎనిమీ ఉండడమ్మా" అన్నాడు. నా నిద్రమాత్ర నలిపి మిరియాల కషాయంలో కలిపాను. తెలియక చేశానని అనను. రోజూ కాఫీ తాగుతూ సోఫాలో గంటసేపు కూర్చుంటాడు కదా, అక్కడే నిద్రపోతాడులే అనుకున్నాను. వాడు నిలబడే తాగి తాళాలు తీసుకున్నాడు. గ్యారేజ్ తలుపు లేస్తోంది. ఆగమంటే ఆగేవాడు. ఎందుకు అనలేదు? తిడతాడనా? అంత చిన్న భయానికా?

ఆ రోజు గాలిలో వాడు తిరగాల్సిన క్షణానికి తిరగలేదు. ఎదురు విమానానికి మరీ దగ్గరగా వెళ్లిపోయాడు. అందులోని పిల్లవాడు తప్పించాడు కాబట్టి ఇద్దరూ ప్రాణాలతో దిగారు.

వారం తర్వాత అడిగాడు.

"అమ్మా, కషాయంలో ఏమైనా వేశావా? మెడిసిన్ లాంటిది?"

"మిరియాలే నాన్నా."

"ఓకే. అయితే ప్రాబ్లం నాదే."

ఆ ఆదివారం తెలుగు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. నా బిడ్డను దేవుడే కాపాడాడన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

వాడు విమానాలు మానేశాడు. ఇప్పుడు మోరిస్‌విల్‌లో ఆఫీసు పని. హైవే మీద కోడలే కారు నడుపుతుంది. వాడు పక్క సీట్లో కూర్చుని తన చేతులు చూసుకుంటాడు. ఆ చేతుల్లో ఏ లోపమూ లేదని చెప్పగలిగేది నేనొక్కదాన్నే. వెనక సీట్లో ఉంటాను. చెప్పను.

ఇక్కడే పెరిగాడు కాబట్టి వాడికీ తెలుగు చదవడం రాదు. అందుకేనా నాకీ ధైర్యం? అయినా, మాత్ర కలిపింది నేనే. నా నోటి నుంచి ఆ మాట నా చెవులు ఇవాళే విన్నాయి.