వెనక నుంచి రెండోవాణ్ణి

సారపాక దాటి, గోదావరి వంతెన దాటి, భద్రాచలం వెనకబడ్డాక కూడా రెండు గంటలు లారీలోనే ఉన్నాం. జూన్ చివరి వారం. మా పోలీసు దళం క్యాంపు గేటు దగ్గర దిగేసరికి మధ్యాహ్నం మూడున్నర, సన్నగా వాన. ముళ్ళకంచె, ఇసుక బస్తాల గోడ, ఆరు రేకుల షెడ్లు. కంచె అవతల వెదురు, టేకు. మాది మధిర దగ్గర పత్తి పండించే ఊరు. అడవి గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. మా ఇంట్లోవాళ్ళు మాత్రం పోస్టింగు ఇంటికి దగ్గర్లోనే పడిందని సంబరపడ్డారు.

అక్కడ కొత్త రోడ్డు వేస్తున్నారు. రోజూ ఉదయం అయిదున్నరకు బయల్దేరి, నాలుగు కిలోమీటర్లు నడిచి, నక్సలైట్లు పాతిన బాంబులు లేవని తేల్చడం మా పని. ఆ తర్వాతే రోడ్డు కూలీలు వస్తారు. పన్నెండు మందిమి, ఒకే వరస. ముందువాడి అడుగులోనే వెనకవాడు అడుగు వేయాలి. తిరిగొచ్చేటప్పుడు ప్రతి వాగు దగ్గరా ఆగి లెక్క చూసుకోవాలి. చివరివాడు తన ముందువాడి భుజం తట్టి ‘ఒకటి’ అంటాడు. వాడు తన ముందువాణ్ణి తట్టి ‘రెండు’ అంటాడు. పన్నెండు పూర్తయితేనే కమాండర్ కదలమంటాడు. వెనక్కి తిరిగి చూడకూడదు, చూపు అడవి మీదే ఉండాలి. చివరివాడు పాల్వంచ అతను, నాకంటే రెండేళ్ళు చిన్న. నేను వెనక నుంచి రెండోవాణ్ణి.

ఆగస్టులో ఒక ఉదయం నాకు పదిహేను మీటర్ల దూరంలో బాంబు పేలింది. మధ్యలో మట్టిగట్టు ఉండబట్టి ఒంటి మీద గీత పడలేదు. లేచి నిలబడ్డాను, వాంతి చేసుకున్నాను, చెవుల్లో రెండు రోజులు హోరు. దవాఖానాలో స్కాన్ తీసి ఏమీ లేదన్నారు. అయిదు రోజులు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ డ్యూటీలో వేశారు.

ఆ తర్వాత మొదలైంది. గడ్డం గీసుకోవడానికి మొహానికి సబ్బు రాసుకునేవాణ్ణి. చూసుకునేసరికి సబ్బు ఎండిపోయి ఉండేది. ఆ మధ్యలో ఏం జరిగిందో గుర్తుండేది కాదు. ఒకసారి అర నిమిషం, ఒకసారి అయిదు నిమిషాలు. పైగా అలసట. బూట్లు విప్పితే చాలు, గంటసేపు మంచం మీద పడి ఉండేవాణ్ణి. రక్తం కారితే అందరూ జాలి పడతారు. కారకపోతే పనిదొంగ అంటారు. మా షెడ్డులో ఆ మాట అననే అన్నారు.

కనిపెట్టింది పాల్వంచ అతనే.

“అన్నా, ఇందాక వాగు కాడ ఏమైంది? తట్టినా పలుకలే. కండ్లు తెరుసుకునే ఉన్నవ్.”

“ఏం లేదు తమ్మీ, నిద్ర సాల్లే.”

“గట్ల నిలబడి ఎవడన్న నిద్రపోతడా? సార్‌కు జెప్పు.”

“చెప్తే ఇంటికి పంపుతరు. రెండు నెలలు ఆగు, తగ్గిపోతది, నీ కాళ్ళు మొక్కుత.”

అతను తుపాకీ భుజానికెత్తుకున్నాడు. “సరే. నీ సంగతి నేను జూసుకుంట,” అన్నాడు.

చూసుకున్నాడు కూడా. నేను శూన్యంలో ఉంటే, నా పక్కనుంచి చెయ్యి చాచి, నా ముందువాణ్ణి తట్టి, నా ‘రెండు’ కూడా తనే చెప్పేవాడు. అది నాకు ధీమా ఇచ్చింది. తెలివి రాగానే, అతను ఎలాగూ నన్ను తట్టే ఉంటాడనుకుని ముందువాణ్ణి తట్టడం అలవాటైపోయింది.

అక్టోబర్‌లో ఒక రోజు, పదకొండుంపావు. వాగులో మోకాలి లోతు నీళ్ళు. అవతలి ఒడ్డున ఆగాం. ముందువాడి గొంతు వినబడింది: “నంబర్?” అప్పుడు తెలివొచ్చింది. “రెండు,” అన్నాను. లెక్క సరిపోయింది. కదిలాం.

ఇరవై నిమిషాల తర్వాత, రోడ్డు చివర మా కోసం ఆగిన లారీ ఎక్కబోతూ తుపాకీ అందుకొమ్మని వెనక్కి చాచాను. అందుకునే చెయ్యి లేదు.

“చివరోడు ఏడి?” కమాండర్ అరిచాడు.

వెనక్కి తిరిగి చూశాను. అడవిలో పేలుడు వినబడింది.

వాగు రాళ్ళలో కాలు మడతపడి ఆగిపోయాడట. మమ్మల్ని అందుకోవాలని కుంటుకుంటూ అడ్డదారిన వచ్చాడు. మేము వెతకని దారి అది. కుడికాలు మోకాలి కింద పోయింది. బెల్టుతో కట్టు బిగిస్తుంటే కమాండర్ అడిగాడు.

“లెక్క పన్నెండు వచ్చింది. నువ్వు నంబర్ చెప్పినవా?”

“చెప్పిన సార్. చెప్పినంకనే కూసున్న. తప్పు నాదే.”

విచారణలోనూ ఆ మాటే చెప్పాడు. నేను నా జబ్బు సంగతి కమాండర్‌కు అప్పుడు చెప్పాను. అప్పుడు చెప్పి ఏం లాభం? మెడికల్ బోర్డు నన్ను ఇంటికి పంపింది.

జనవరిలో మధిర స్టేషన్‌లో దిగాను. ఇప్పుడు పొలం పనంతా మా ఆవిడే చూస్తుంది. నన్ను పొయ్యి దగ్గరికి, బండి దగ్గరికి రానివ్వదు. మాట మధ్యలో నేను ఆగిపోతే, “మళ్ళీ పోయినవా?” అని మెల్లగా అడుగుతుంది. స్నానం చేస్తే చాలు, పడుకోవాల్సిందే. ఇది ఎందుకు వస్తుందో ఖమ్మం డాక్టర్ కూడా చెప్పలేకపోయాడు.

మొన్న ఎండాకాలం పాల్వంచ వెళ్ళాను. పెట్టుడుకాలుతోనే ఎదురొచ్చి, కుర్చీ వేశాడు.

“నిజం చెప్పు తమ్మీ. ఆ రోజు నన్ను తట్టినవా?”

“అప్పుడే జెప్పిన గదన్నా. చాయ్ తాగు.”

నా మొహం చూడకుండా చెప్పాడు. నిజమే కావచ్చు. నన్ను కాపాడటానికే అని ఉండవచ్చు. ఆ నిమిషం నా దగ్గర లేదు. అది గుర్తున్నవాడు ఇవ్వడు. అడిగినందుకు సిగ్గుపడ్డాను, జవాబు దొరకనందుకు బస్సులో ఏడ్చాను.

పేలుడు జరిగిన రోజు అతని స్ట్రెచర్ నలుగురం మోశాం. నాది తలవైపు, ఎడమ మూల. ముప్పావు కిలోమీటరు బురద. అతని మొహం బూడిద రంగులోకి తిరిగింది. కర్ర మీదున్న నా మణికట్టును పట్టుకుని, నాలుగడుగులకోసారి నొక్కుతున్నాడు. కాలి గురించి ఒక్క మాట అడగలేదు.

“అన్నా, ఉన్నవా?”

“ఉన్న తమ్మీ.”

“ఉన్నవా?”

లారీ దాకా అడుగుతూనే ఉన్నాడు.