బావిలో వదిలిన పన్నెండు చేపలు

నాకు కుదురు తక్కువ. పాపకు డెంగీ వచ్చి తగ్గాక ఆ ఉన్న కాస్త కుదురు కూడా పోయింది. ఉప్పల్‌లో ఆరు రోజులు దవాఖానాలో ఉంచుకుని, ప్లేట్‌లెట్లు పెరిగాక ఇంటికి పంపుతూ డాక్టరు ఒక మాట అన్నాడు. "రెండోసారి వస్తే ఇంతకంటే గట్టిగా రావచ్చు. జర పైలం అమ్మా." అప్పటినుంచి ఆ 'రెండోసారి' నా చెవి దగ్గర దోమలాగే తిరుగుతోంది.

నాచారంలో మా అత్తగారిది పాత ఊరి ఇల్లు. ఒకప్పుడు వ్యవసాయం చేసిన కుటుంబం. పొలాల్లో కంపెనీ షెడ్లు, పెరట్లో అద్దె గదులు లేచాక, వాటి మధ్య ఒక చేదబావి మాత్రం మిగిలింది. దాని నీళ్లు ఎవరూ తోడరు. ఇంటికి రాగానే నేను పూలకుండీల కింది పళ్లాలు బోర్లించాను, కూలర్ ఆరబెట్టాను, కొబ్బరి చిప్పలు ఏరి పారేశాను, ఫ్రిజ్ వెనక ట్రే రోజుకు రెండుసార్లు తుడిచాను. ఇంకేమీ దొరక్క, తప్పంతా బావిదేనని తేల్చేశాను. పూడ్పిద్దామంటే అత్తమ్మ ససేమిరా అంది.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. నాకు తెలియనిదేముందని ధీమా. చెరువు దగ్గర దోమల మందు కొట్టే మనిషిని బతిమాలి, ప్లాస్టిక్ కవర్లో పన్నెండు గంబూసియా చేపలు తెచ్చాను. నీళ్లలో దోమ పిల్లల్ని తినే చేపలవి.

అత్తమ్మ కవర్లోకి తొంగి చూసింది. "బాయిల పరకలున్నయి, కప్పలున్నయి. అవి తింటలేవా దోమ పిల్లల్ని? మల్ల ఇవెందుకు?"

పరకలంటే వేలెడంత చేపలు. ఎవరూ వేయకుండా ఎప్పటినుంచో ఆ బావిలో ఉన్నవి.

"ఇవి గట్లాంటివి కావు అత్తమ్మా. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటయి. గుడ్డయితే ఎవరన్న తింటరు. ఇవి పుట్టుడే ఈదుకుంట పుడ్తయి. కడుపుతోటి ఉన్న ఆడది ఒక్కటున్నా సాలు, బాయంత నిండుతయి."

"బాయంత ఇవే నిండితే, ఉన్నయి యాడికి పోవాలె?"

వినిపించుకోలేదు. క్లాసులో ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే చప్పట్లు కొట్టించేదాన్ని. ఒకే చోట, ఒకే తిండి మీద బతికే రెండు జాతుల్లో చివరికి ఒకటే నిలుస్తుందని ఏటా బోర్డు మీద గీతలు గీసి మరీ చెబుతాను. ఇంట్లో మాత్రం కవరు ముడి విప్పి బావిలో కుమ్మరించాను.

చెప్పినట్టే నిండాయి. కాలేజీకి పోయే ముందోసారి, వచ్చాకోసారి గట్టు మీద వంగి చూసేదాన్ని. మొదట్లో సంబరంగానే ఉండేది. ఎండలు ముదిరేసరికి ఆ చేపలు తోకలు కొరికేసిన పరకలు పైకి తేలసాగాయి. కొన్నాళ్లకు తేలడం కూడా ఆగిపోయింది. అక్కడ ఇక పరకలు లేవు.

అంతలో ఇల్లిల్లూ తిరిగి దోమలు వెతికే ఆమె మా ఇంటికి వచ్చింది. బావిలోకి టార్చి వేసి "ఒక్క దోమ పిల్ల లేదు, మస్తుగుంది మేడం" అంది. తర్వాత పాప చదువుకునే కిటికీలో మనీప్లాంట్ సీసా ఎత్తి వెలుతురుకు పట్టింది. "ఇగో, సూడుండ్రి." అందులో దోమ పిల్లలు కిందికీ పైకీ మెలికలు తిరుగుతున్నాయి. ఆ సీసా అక్కడ పెట్టింది నేనే. నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని వారాల తరబడి మార్చలేదు. డెంగీ దోమకు తేట నీళ్లు కాసిని ఉంటే చాలని పాఠం చెప్పేదీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

వానలు మొదలయ్యాయి. ఏటా మొదటి వాన వెలిసిన సాయంత్రం కప్పల అరుపులతో మా బావి దద్దరిల్లేది. అద్దె గదుల వాళ్లు విసుక్కునేవారు. ఈసారి రోడ్డు మీది హారన్లు తప్ప ఏమీ వినపడలేదు. ఆ చేపలు తోకకప్పల్ని కూడా వదలవని, అవి నిండిన నీళ్లలో గుడ్లు పెట్టడానికి కప్పలు రావని నాకు ముందే తెలుసు. అవసరపడిన రోజున మాత్రం గుర్తుకు తెచ్చుకోలేదు.

పాత దోమతెరకు తాడు కట్టి బావిలోకి దించాను. ఎత్తితే గుప్పెళ్ల కొద్దీ వచ్చాయి. ఆడవాటి కడుపుల మీద నల్లమచ్చ, లోపల నిండా పిల్లలు. మూడు ఆదివారాలు అదే పని. ఎన్ని తీసినా తరగలేదు. మూడో ఆదివారం బకెట్ పట్టుకుని నిలబడ్డప్పుడు అసలు భయం పట్టుకుంది. నిజంగానే అన్నీ తీసేస్తే? దోమ పిల్లల్ని తినడానికి ఆ బావిలో ఇప్పుడు వేరే ప్రాణి లేదు. ఉంచితే తప్పు, తీస్తే భయం. పాప పక్కనే గట్టు పట్టుకుని చూస్తోంది. బకెట్‌ను మళ్లీ బావిలోకే వంచేశాను.

"కప్పలు మల్ల ఎప్పుడొస్తయమ్మా?"

"నీ కోసమే వేసిన, ఆ చేపల్ని" అన్నాను. ఏడుపొచ్చింది.

గడపలో గోరుచిక్కుళ్లు తుంచుతున్న అత్తమ్మ తలెత్తలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"బిడ్డ కోసమే జేసినవ్. నేను గాదంటలేను. ఆ కప్పలు గూడ పిల్లల కోసమే మొత్తుకునేటివి."