ఊరేగింపుకు పనికిరాని కారు

నా కారు ఈ రోజు కూడా అమ్ముడుపోలేదు. ఒకటో తారీఖుకల్లా కారు ఉంచే షెడ్డు ఖాళీ చేయమని దాని యజమాని చెప్పిన దగ్గరనుంచి నాకు కుదురు లేదు. అది రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు ఉన్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. హార్బరు దగ్గర తుప్పుపట్టి పడి ఉంటే తెచ్చుకుని, ఆదివారాలన్నీ దానికే పెట్టి మళ్లీ నడిచేలా చేశాను.

పొద్దున్న అప్పలరాజు చూడడానికి వచ్చాడు. కంచరపాలెంలో పెళ్లిళ్లకు షామియానాలు, లైట్లు సప్లై చేస్తాడు. కారు చుట్టూ తిరిగి మురిసిపోయాడు.

"టాపు తీసేత్తే పెళ్లికొడుకు ఊరందరికీ కనపడతాడు. ఇంజిను పీకీసి అక్కడ జనరేటర్ ఎట్టీత్తాను బావా. బండిని మనుసులు తోసుకెల్తారు."

"మరి ఇంజినో?"

"నువ్వే ఉంచీసుకో. నానేటి సేసుకుంటాను?"

ఎక్కమని చెప్పి, టాపు మడిచి, భీమిలి రోడ్డు మీద కారును రయ్యిమని పోనిచ్చాను. అప్పలరాజు తువ్వాలు ఎగిరిపోకుండా పళ్లతో కరుచుకుని, రెండు చేతులా తలుపు పట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి వచ్చాక దిగి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"ఇది పెళ్లికొడుకుని ఊరేగించే బండి కాదు బావా, పెళ్లికొడుకు పారిపోయే బండి. నాకొద్దు. నా యాపారం పోద్ది."

టీ తాగి వెళ్లిపోయాడు. బేరం పోయినందుకు బాధపడాల్సింది పోయి, సాయంత్రం నుంచి ఈల వేస్తూ కారు తుడుస్తున్నాను. మీలో ఎవరి దొడ్లోనైనా దీనికి వాన తగలని చోటుంటే చెప్పండి. పెళ్లిళ్లకు మాత్రం అడగకండి.