శిష్యుడి చేతిరొట్టె అందుకున్న మా ఉపదేశి గారు

మా ఉపదేశి గారు పోయారన్న కబురు నాకు లాకుల దగ్గర తెలిసింది. సముద్రం వైపు నుంచి ఉప్పు బస్తాలతో వచ్చిన పడవ ఒకటి, లాకుల్లో నీరు నిండేదాకా ఆగి ఉంది. నేను గట్టు మీద పోతూంటే పడవ సరంగు నన్ను గుర్తుపట్టి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను మా మతం వాడు కాదు. నా ముందు ఎన్నడూ తలగుడ్డ తీసినవాడూ కాదు. అతను నోరు విప్పకముందే నాకు సగం అర్థమైంది.

"అయ్యగారూ, మీ పెద్దాయన శనివారం పొద్దున్న ఎల్లిపోయారండి," అన్నాడు. "ఆదివారం మట్టి చేసేశారు. మీకు కబురు పంపుదావంటే ఇటేపు వచ్చే పడవ దొరకలేదండి."

నేను అక్కడే లాకు రాతి మీద కూర్చుండిపోయాను. ఆయన నాకు చుట్టం కాదు. కానీ నేను ఈ రోజు ఏ పని చేస్తున్నానో, ఆ పని చేయడానికి నాకు ధైర్యం వచ్చింది ఆయన వల్లనే. చదివేవారిలో ఎక్కువమంది ఆయనను ఎరగరు. ఎరగకుండానే ఉండిపోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉపదేశి అంటే గురుపట్టం లేనివాడు. వాక్యం చెబుతాడు, పిల్లలకు అక్షరాలు నేర్పుతాడు, రోగుల మంచం పక్కన కూర్చుంటాడు. బాప్తిస్మం ఇవ్వడానికి గానీ, ప్రభువు బల్ల దగ్గర క్రీస్తు జ్ఞాపకార్థం రొట్టె విరిచి పంచడానికి గానీ అతనికి అధికారం లేదు. దానికి గురుపట్టం పొందిన అయ్యగారు రావాలి. మా పల్లె గోదావరి సముద్రంలో కలిసేచోట ఉంది. అంత దూరానికి అయ్యగారు ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. మిగిలిన రోజులన్నీ మాకు ఉపదేశి గారే.

ఆయన పుట్టింది బజారు వీధిలో దుకాణం ఉన్న వర్తకుల ఇంట్లో. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టే రోజుల్లో తండ్రి భుజమ్మీద కూర్చుని ఆ పని చూశానని చెప్పేవారు. పాతికేళ్ళ వయసులో క్రీస్తును నమ్ముకుని ఇల్లు విడిచి, రాజమండ్రిలో మిషను బడిలో పిల్లలకు చదువు చెప్పుకుంటూ ఉండగా, మిషను నడిపే తెల్లదొరగారు పిలిచి మా పల్లెకు వెళ్ళమన్నారు. అంతకుముందు ముగ్గురు వెళ్ళనన్నారట. ఆ సంగతి ఆయనే మాకు చెప్పేవారు, ఏమాత్రం దాచుకోకుండా.

"నేనూ వెళ్ళనన్నాను. ఈత రాదన్నాను. నీళ్ళంటే భయమన్నాను. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టనివాణ్ణి, వాళ్ళ మధ్య ఏం తిని బతకనండీ అన్నాను. మూడు రోజులు ఇలాగే అన్నాను. నాలుగో రోజు ప్రార్థనకి కూర్చుంటే ఒకటి తోచింది. నేను చెప్పిన కారణాలన్నీ నా గురించే. అక్కడున్న మీ గురించి ఒక్కటి కూడా లేదు. ఇంక ఏం చెప్పను? లేచి మూట కట్టుకున్నాను."

నేను పుట్టిన ఏడాదే ఆయన మా పల్లెలో దిగారట. చివరిదాకా చేప తినలేదు. కానీ మాకు అక్షరాలన్నీ చేపల పేర్లతోనే నేర్పారు. ప అంటే పులస, బ అంటే బొచ్చె, ర అంటే రొయ్య. తనకు తెలియని చేప పేరు వినబడితే ఎంత చిన్నపిల్లనైనా దగ్గర కూర్చోబెట్టుకుని అడిగి తెలుసుకునేవారు. ముడి వేయడం మాత్రం ఆయనకు ఎప్పటికీ రాలేదు. వల ముడి, పడవ తాడు ముడి ఎన్నిసార్లు చూపించినా ఆయన చేతిలో జారిపోయేది. మా ఆడవాళ్ళు చూసి నవ్వుకుంటే ఆయనా నవ్వేవారు.

పడవలు కడలిలోకి పోయేటప్పుడు ఒడ్డున నిలబడి ప్రార్థన చేసేవారు. ఆ ప్రార్థన చాలా చిన్నది. "తండ్రీ, వీళ్ళు నీ చేతిలో ఉన్నారు. నాకు మళ్ళీ చూపించు." అంతే. పల్లెలో సగానికి పైగా మా మతంలో కలవని వాళ్ళు. గంగమ్మకు మొక్కి పడవ ఎక్కేవాళ్ళు. వాళ్ళ పడవలు తిరిగి వచ్చేదాకా కూడా ఆయన ఒడ్డు విడిచి వెళ్ళేవారు కాదు.

ఏటా ఎండాకాలం చివర ఒక జాడీ వచ్చేది. రేవులో ఎవరో పడవవాడు దింపి పోయేవాడు. దానితో ఉత్తరం ఉండేది కాదు. వాళ్ళ అమ్మగారు పెట్టిన ఆవకాయ అది. ఆ రోజు ఆయన బడి పెట్టేవారు కాదు. జాడీ గుడ్డ విప్పకుండా చాలాసేపు ఎదురుగా కూర్చునేవారు. ఒక ఏడాది జాడీ రాలేదు. ఆ తరువాత ఇంకెప్పుడూ రాలేదు. ఎందుకని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయనకు గురుపట్టం ఎందుకు రాలేదన్నది చెప్పాలి. గురుపట్టం కావాలంటే రాజమండ్రిలో కొన్నేళ్ళు చదవాలి. రెండుసార్లు ఆయనను ఆ చదువుకు రమ్మన్నారు. మొదటిసారి బయలుదేరే వేళకు పల్లెలో కలరా వచ్చింది. రెండోసారి గాలివాన వచ్చి ఇళ్ళన్నీ పడిపోయాయి. తన బదులు ఇంకొకరు వస్తే వెళ్తానని రాశారు. ఎవరూ రాలేదు. ఈలోగా వయసు దాటిపోయింది. ఆయన చేత రొట్టె అందుకోవాలని మా పెద్దలు ఎన్నోసార్లు మిషనుకు అర్జీ పెట్టారు. నియమం ఒప్పుకోదన్న జవాబే వచ్చేది.

ఆయన నన్ను చదివించి, రాజమండ్రి పంపించారు. నేను చదువు ముగించి తిరిగి వచ్చిన కొద్దికాలానికి దొరగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఉపదేశి గారే అందరి ముందూ చదివారు. నాకు గురుపట్టం ఇస్తారట. నన్ను మా పల్లెకే అయ్యగారిగా వేస్తారట. ఉపదేశి గారు నా చేతి కింద ఉపదేశిగా ఉంటారట. ఆయన గొంతు మారకుండా చివరి అక్షరం దాకా చదివి, కాగితం మడిచి నా చేతికిచ్చారు.

ఇంటికి వెళ్ళేసరికి మా నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "ఆయన నీ సెయ్యి పట్టుకుని అచ్చరాలు దిద్దించాడు. ఇప్పుడు నువ్వు ఆయన మీద కూకుంటావా?"

"నేనడగలేదు కద నాన్నా."

"అడక్కపోతే వద్దని సెప్పు."

వద్దనే చెబుదామని నిశ్చయించుకున్నాను. తెల్లవారగానే ఉపదేశి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గుడి పాకకు తాటాకు కప్పుతున్నారు. నిచ్చెన కింద నిలబడి ఆకు అందిస్తూ చెప్పాను.

"నాకొద్దని రాసేస్తానండి."

"ఏం?"

"మీరుండగా నేనెలాగండి?"

"నేనుండటం నీకు అడ్డమొచ్చిందా?" అని నిచ్చెన మీద నుంచే అన్నారు. తరువాత నెమ్మదిగా దిగి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. "చూడు నాయనా. నన్ను ఈ ఊరికి పంపింది దొరగారని అందరూ అనుకుంటారు. దొరగారు నోటితో చెప్పారంతే. పిలిచినవాడు వేరు. నిన్ను పిలిచిందీ ఆయనే. నీకిచ్చిన పని నాకెందుకు ఇవ్వలేదని నేను ఆయన్ని అడగలేదు. నీకెందుకు ఇచ్చాడని నువ్వూ అడగకు."

"మీకు బాధ లేదాండీ?"

ఆ మాట అడగకుండా ఉండవలసింది. ఆయన చేతిలోని తాటాకు ఈనెను వేళ్ళతో చీల్చారు.

"ఉంది," అన్నారు. "నిన్న ఉత్తరం చదివేటప్పుడు చాలా ఉంది. ఇవాళ కొంచెం తక్కువుంది. రేపు ఇంకా తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. అది నేనూ నా ప్రభువూ చూసుకునే సంగతి. దానికోసం నువ్వు కాదనకు. నీకు భయమేసి కాదంటే సరే, కూర్చుని మాట్లాడుకుందాం. నా మీద జాలితో కాదంటే మాత్రం నేనొప్పుకోను."

నిజానికి నాకు భయం కూడా ఉంది. అదీ చెప్పాను. "ఉండాలి," అన్నారాయన. "భయం లేనివాడు ఆ బల్ల దగ్గరికి పోకూడదు." మళ్ళీ నిచ్చెన ఎక్కి, "ఆకందుకో," అన్నారు.

రాజమండ్రిలో నాకు గురుపట్టమిచ్చారు. పల్లెలో నేను మొదటిసారి ప్రభువు బల్ల దగ్గర నిలబడిన ఆదివారం పాక నిండిపోయింది. కానీ ఎవరి ముఖమూ తేటగా లేదు. అంతవరకూ ఉపదేశి గారు ముందు పీట మీద కూర్చునేవారు. ఆ రోజు ఆయన మగవాళ్ళతో పాటు చాప మీద కూర్చున్నారు. నేను రొట్టె విరిచి, రమ్మని పిలిచాను. ఒక్కరూ లేవలేదు. మా నాన్న నేలకేసి చూస్తున్నాడు. ఆడవాళ్ళ వైపు ఎవరో పసిబిడ్డ ఏడుస్తూంటే ఆ ఏడుపొక్కటే వినబడుతోంది. పళ్ళెం కింద పెట్టి బయటికి వెళ్ళిపోదామనుకున్నాను.

అప్పుడు ఉపదేశి గారు లేచారు. మోకాలి నొప్పితో ముందు ఒక చెయ్యి నేలకు ఆనించి లేచారు. అందరి మధ్య నుంచి నడిచి వచ్చి నా ముందు మోకరించి, రెండు అరచేతులూ కలిపి చాపారు. నా చేత అక్షరాలు దిద్దించిన చేతులవి. నేను తొందరపడి ఇవ్వబోతే రొట్టె ముక్క పొడి రాలింది.

"నిదానంగా ఇవ్వండి అయ్యగారూ," అన్నారు, నాకు మాత్రమే వినబడేలాగ.

అదే మొదటిసారి ఆయన నన్ను అయ్యగారూ అనడం. నేనిచ్చాను. ఆయన తిన్నారు. లేచి వెనక్కి తిరిగేసరికి మా నాన్న వస్తున్నాడు. మా నాన్న వెనక పల్లెంతా వచ్చింది.

ఆ రోజు నుంచి ఆయన మళ్ళీ నన్ను నువ్వు అనలేదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడైనా పాత పిలుపే పిలవమని బతిమాలాను. "నా నోరు మళ్ళీ తిప్పడం కష్టమండి," అని తప్పించుకునేవారు.

అలాగని ఆయన నా మాటకు తల ఊపుతూ కూర్చున్నారని అనుకోవద్దు. కొత్తలో నాకు అధికారం తలకెక్కింది. ఆదివారం నాడు వేటకు పడవ వేశారని ఒక కుటుంబాన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టాను. ఉపదేశి గారు అందరిలో ఒక్క మాట అనలేదు. అందరూ వెళ్ళాక పాక తలుపు దగ్గర ఆగారు.

"మీరు చెప్పింది నేను పాటిస్తానండి. మీరు చెప్పింది మాత్రం తప్పు."

"ఎలా తప్పండి?"

"వాళ్ళింట్లో పొయ్యి వెలిగి రెండు రోజులైంది. మీరు వెళ్ళి చూశారా?"

నేను వెళ్ళలేదు. ఆయన మాత్రం ప్రతి సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ళతో ప్రార్థన చేసి వస్తున్నారని తరువాత తెలిసింది. నా తీర్పు తప్పని ఆయన ఒక్కరికి కూడా చెప్పలేదు. అలాగని వాళ్ళను ఒంటరిగానూ వదలలేదు. నాలుగో ఆదివారం నేనే అందరి ముందూ నిలబడి ఆ కుటుంబాన్ని క్షమాపణ అడిగాను. పెద్దవాడు చిన్నవాడికి లోబడడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అంతవరకూ లోబడడమంటే నోరు మూసుకోవడమనే అనుకున్నాను.

ఐదేళ్ళు అలా ఆయనతో పనిచేశాను. తరువాత నన్ను ఈ లాకుల ఊరికి మార్చారు. వెళ్ళనని నేను గొణిగితే ఆయన నవ్వి, "మీ కారణాలు చెప్పండి, ఎవరి గురించో చూద్దాం," అన్నారు. మూట కట్టుకున్నాను.

సరంగు చెప్పిన దాన్ని బట్టి, ఆయనకు పది రోజులు జ్వరం కాసింది. చివరి రెండు రోజులూ మాట లేదు. మట్టి చేసిన రోజు పల్లెలో ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగలేదట, మావాళ్ళవే కాదు, గంగమ్మకు మొక్కేవాళ్ళవి కూడా. పెట్టె మోయడానికి వాళ్ళూ భుజం పట్టారట.

నేను ఆయనను చివరిసారి చూసింది పోయిన వర్షాకాలంలో. రెండు రోజులు ఆయన దగ్గర ఉండి పడవలో తిరిగి వస్తున్నాను. ఆయన రేవు దాకా వచ్చి, నన్ను పడవ ఎక్కించి, గొడుగు చంకలో పెట్టుకుని గట్టు మీద ఇంటికి నడుస్తున్నారు. వాన వెలిసింది. గట్టు సన్నం, ఒక్క మనిషి నడిచేంతే ఉంది. ఎదురుగా గడ్డి మోపులతో ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు, పొలాల అవతల పేటవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ముట్టనివాళ్ళు. మా వైపు ఇప్పటికీ ఉన్న ఆచారం ప్రకారం గట్టు దిగవలసింది వాళ్ళే. వాళ్ళు అలవాటుగా దిగబోయారు. అంతకంటే ముందే ఆయన బురదలోకి దిగిపోయారు. మోకాళ్ళ దాకా కూరుకుపోయి, పొమ్మని చెయ్యి ఊపారు. వాళ్ళు తటపటాయించి, మోపులు సర్దుకుని దాటిపోయారు. ఆయన మళ్ళీ గట్టెక్కబోయి జారారు. రెండోసారీ జారారు. వెనక నడుస్తున్న ఆవిడ తిరిగి చూసింది. మోపు కిందికి దింపి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, కాసేపు ఆగి, వంగి ఆయనకు చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నారు. అంతలో మా పడవ మలుపు తిరిగింది.