ఫ్రిజ్‌లో మిగిలిన చిమ్మటలు

మా జువాలజీ సారు పోయిన కబురు మధిర కాలేజీలో నేను ప్రాక్టికల్స్ చేయిస్తుండగా వచ్చింది. వాళ్లావిడ, మా మేడమే ఫోన్ చేశారు. "మీ సారు పోయిండు బిడ్డా" అని పెట్టేశారు. అంత్యక్రియలయ్యాక కూడా నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. దినాలకు ముందురోజు ఖమ్మం బండిలో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడ్డాను. బోనకల్‌లో ఊరికే దిగి మళ్లీ ఎక్కాను.

దీపం దగ్గరికి వచ్చే చిన్న చిమ్మటలంటే సారుకు ప్రాణం. బియ్యపుగింజంత కూడా ఉండని వాటిని మనం దులిపేసుకుంటాం. ఆయన సీసాల్లో పట్టి ఇంటికి తెచ్చుకునేవారు. భద్రాచలం అడవి అంచున పొద్దుగూకే వేళ తెల్లపంచె తెరలా కట్టి, ముందు లైటు పెట్టి కూర్చునేవాళ్లం. నాకు తొందరెక్కువ. రెక్కల మీద మచ్చలు చూడగానే అది ఏ కీటక కుటుంబానిదో పేరు చెప్పేసేవాణ్ణి. సారు కాగితం ముక్కతో ఆ రెక్కలు మూసేసేవారు.

"మచ్చలు రాలిపోతయ్ రా. తలకాయ చూసి చెప్పు. ఏంది, బండి టైమైతున్నదా?"

నోటికి రెండు పక్కలా ఉండే, పాల్ప్‌లనే బుల్లి మీసాలు కొడవళ్లలా పైకి వంగాయా, ముక్కులా ముందుకు పొడుచుకొచ్చాయా? నాలుక మొదట్లో పొలుసులున్నాయా? తల నున్నగా ఉందా, నిద్రలేచిన పిల్లవాడి జుట్టులా రేగి ఉందా? ఇవన్నీ అయ్యాకే పేరు. అన్నీ చూశాక కూడా ఒక్కోసారి "నాకు తెల్వది" అనేవారు, ఏ మొహమాటం లేకుండా. ఆ మాట అప్పట్లో నాకు చిరాకు. ఇప్పుడు క్లాసులో నేనే అంటున్నాను.

ఖానాపురం హవేలిలో వాళ్లింటికి వెళ్లేసరికి ఇల్లు కడుగుతున్నారు. సారు అక్క ఫ్రిజ్ తలుపు తీసి సీసాలను చెత్తబకెట్లో వేయబోతోంది. చివరిసారి అడవి నుంచి తెచ్చిన చిమ్మటలవి. పిన్నులు గుచ్చి రెక్కలు పరచకముందే సారు దవాఖానాలో చేరారు. పారేస్తే ఆయన ఆఖరి పని పోయినట్టే.

"అవి ముట్టకు వదినా" అన్నారు మేడం.

"చచ్చిన పురుగులు ఇంట్ల పెట్టుకొని దినం ఎట్ల చేస్తవ్?"

"ఇన్నేండ్లు పెరుగు పక్కనే పెట్టుకున్న. ఇప్పుడేమైతది?" అని నావైపు తిరిగారు. "నువ్వు కూసో బిడ్డా. ఆయన ఎట్ల చేస్తుండెనో గట్లనే చెయ్యి."

వంటింట్లోనే కూర్చున్నాను. మొదటి చిమ్మటను తడిదూది పక్కన మెత్తబరిచి, సన్నటి పిన్ను గుచ్చి, రెక్కలు పరిచి కాగితం పట్టీలతో నొక్కిపెట్టాను. లెన్సులో తల చూశాను. జుట్టు రేగి ఉంది. బట్టలు కొరికే చిమ్మటల కుటుంబమే అనిపించింది. పేరు నోటిదాకా వచ్చింది. అవునో కాదో చెప్పడానికి సారు లేరు. ఆయన పోయారని నాకు నిజంగా తెలిసింది అప్పుడే. ఏడ్చాను.

మేడం లెన్సు అడిగి తీసుకున్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదట, ఆయన రమ్మన్నప్పుడల్లా పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేదట. కొంగు నడుముకు దోపుకొని వంగారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

"దీనికి జుట్టున్నదేంది" అన్నారు మెల్లగా.

ఆమె ఊపిరి తగిలి ఆ జుట్టు కదిలింది.