రెండో ఇంజన్ ఎందుకుంటుంది

మా మేనమామ లింగారెడ్డికి రాజకీయం పట్టుకున్నాక ప్లాట్ల వ్యాపారం సన్నగిల్లింది, ఆశ మాత్రం బలిసింది. ఈసారి ప్రచారానికి ఏకంగా హెలికాప్టర్ కిరాయికి మాట్లాడుకున్నాడు. నడపడానికి నేనున్నాను. ఉత్తరాది కొండల్లో యాత్రికులను ఒంటి ఇంజన్ హెలికాప్టర్లో మోసి, ఒప్పందం ముగిశాక సిద్దిపేట వచ్చి ఖాళీగా కూర్చున్నవాణ్ని.

"పెద్ద లీడర్లు ఎక్కేది రెండు ఇంజన్లది. మనం ఒక్క ఇంజన్‌ది ఎక్కితే ఇజ్జత్ ఏముంటది అల్లుడా?" అన్నాడు మామ.

అది నడపాలంటే విడిగా శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై, లైసెన్సులో రాయించుకోవాలి. శిక్షణ బెంగళూరులో. ఖర్చు తనదేనన్నాడు. తోడు తానూ వస్తానన్నాడు.

మధ్యాహ్నం సిద్దిపేటలో బస్సెక్కాం. ఇంట్లో రెండు కార్లున్నాయి గానీ, ఎన్నికల ముందు బస్సెక్కిన మనిషిని జనం గుర్తుపెట్టుకుంటారని మామ నమ్మకం. ప్రజ్ఞాపూర్ దాకా నిలబడి అందరికీ నమస్కారాలు పెట్టాడు. ఆ తర్వాత కాళ్లు లాగి కూర్చున్నాడు. జూబ్లీ బస్టాండులో దిగి, ఆటోలో కాచిగూడ చేరి, ఏడు గంటలప్పుడు బెంగళూరు రైలెక్కాం. అత్తమ్మ కట్టిచ్చిన సర్వపిండి విప్పాం. ఎదుటి బెర్తులో సిద్దిపేట చీరల వ్యాపారి ఖాజా భాయ్ తగిలాడు. ఆయనకూ ఒక ముక్క పెట్టి, వెళ్తున్న పని చెప్పాం.

"రెండు ఇంజన్లంటే డబల్ స్పీడా రెడ్డి సాబ్?"

"స్పీడ్ కాదు భాయ్. ఒకటి బందైతే ఇంకోటి ఉంటది."

"అట్లైతే ఒకటి బంద్ పెట్టే నడిపియ్యున్రి. ఆయిల్ మిగుల్తది."

మామ ఇంకో సర్వపిండి ముక్క ఆయన చేతిలో పెట్టాడు.

తెల్లవారాక బెంగళూరులో దిగాం. ఈ శిక్షణకు వెళ్లాలనుకునేవాళ్లు కేంద్రం పక్కనే గది చూసుకోవాలి. ఆ ఊరి ట్రాఫిక్‌లో హెలికాప్టర్ ఉన్నవాడు కూడా వేళకు చేరలేడు. మొదట తరగతులు: రెండు ఇంజన్లు కలిసి పైనున్న రెక్కలను ఎలా తిప్పుతాయి, ఏ దీపం వెలిగితే ఏది ఆపాలి. నేను పాఠాలు వింటుంటే, మామ షెడ్డులో ఉన్న హెలికాప్టర్ తలుపు మీద చెయ్యేసి ఫోటోలు దిగి ఊరికి పంపేవాడు.

ఆ తర్వాత సిమ్యులేటర్. అచ్చం హెలికాప్టర్లాంటి గది, చుట్టూ తెర. నేర్పే కెప్టెన్ సుధ కర్నూలు ఆవిడ. మామ బతిమాలితే వెనక సీటులో కూర్చోనిచ్చారు.

"మీ ప్రచారంలో ఎంతమంది ఎక్కుతారు సార్?" అని ఆవిడ అడిగింది.

"సీట్లు నిండాలె మేడం. ఎవరిని దించినా అలుగుతరు."

ఆవిడ అంత బరువూ యంత్రంలో పెట్టింది, ఎండాకాలం వేడీ పెట్టింది. ఇళ్ల మధ్య చిన్న మైదానం నుంచి లేపమంది. లేపాను. ఇంటికప్పుల ఎత్తుకు రాగానే ఒక ఇంజన్ ఆపేసింది. హారన్ మోగింది. గది పక్కకు ఒరిగింది.

ఆ ఎత్తులో ఇంజన్ పోతే లేచినచోటికే దిగిపోవాలి. తరగతిలో గడగడా అప్పజెప్పిన పాఠమే.

"ఇంకోటి ఉన్నది కదా, పోనీ పోనీ," అన్నాడు వెనకనుంచి మామ.

నా ఎడమ చెయ్యి ఆ మాటే విన్నది. పైకి లేపే పిడిని ఇంకా లాగాను. మోయలేని బరువుకు రెక్కల వేగం పడిపోయింది. తెర మీది మేడలు దగ్గరకొచ్చాయి, తెర ఎర్రబడి ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే మామ సీటు బెల్టును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది.

"సచ్చినమా మేడం?"

"అందరూ సార్. కింద ఉన్నోళ్లతో సహా," అంది సుధ. "రెండో ఇంజన్ ఉండేది ప్రాణాలతో దిగడానికి సార్. అది కూడా బరువు తగ్గిస్తేనే."

నాకు సిగ్గేసింది. మర్నాటి నుంచి అదే పాఠం మళ్లీ మళ్లీ చేశాను. మామను లోపలికి రమ్మంటే, బయట చాయ్ బాగుందన్నాడు. చివర్లో అసలు హెలికాప్టర్ మీద పరీక్ష. లేస్తుండగా, చెప్పకుండా, పరీక్షాధికారి ఒక ఇంజన్ బలం తగ్గించాడు. ఈసారి పిడి దించాను, ముక్కు సరిచేశాను, లేచినచోటే మెల్లగా దిగాను. పాసయ్యాను.

తిరుగు రైల్లో మామ ఎవరికీ నమస్కారం పెట్టలేదు. జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సెక్కేసరికి మళ్లీ లీడరయ్యాడు.

"మొదటి సభ అక్కన్నపేటల. ఇండ్ల నడుమ స్కూలు గ్రౌండున్నది. అందరం ఎక్కి గాడనే దిగుదం, గాడికెల్లే లేద్దం."

"ఊరి బయట చేన్ల దిగుదం మామా. సగం మందే ఎక్కాలె."

"కిరాయి కట్టేది నేను."

"నడిపేది నేను. అందరు ఎక్కితే నేను దిగిపోత."

మామకు నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. కొలువు పోయిందనే అనుకున్నాను. మామ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బస్సు కుకునూరుపల్లి దాటాక ఫోన్ తీసి, తన ముఖ్య అనుచరుడు సత్తయ్యకు చేశాడు.

"సత్తీ, నువ్వు కారుల రా... అలిగితే అలుగు... ఒక ఇంజన్ బందైతే ఎట్లుంటదో నీకేం ఎరుక? నేను ఒకసారి సచ్చి వచ్చిన."

ముందు సీటులోని ఆడమనిషి భయంగా వెనక్కి తిరిగి చూసింది. మామ ఆమెకు నమస్కారం పెట్టాడు.

ఈ ప్రయాణం చేయదలచినవాళ్లకు నేను చెప్పేది ఇంతే: రెండు ఇంజన్ల హెలికాప్టర్ నేర్చుకోవడానికి వెళ్తే, రేపు వెనక కూర్చుని పోనీ పోనీ అనబోయే పెద్దమనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్లండి.